పాలు పోయని చాయ్

మొండితనంలో భూదవ్వను మించిన మనిషి ఎల్లారెడ్డి తాలూకాలోనే లేదని ఆమె మరిది గంగారాం ఊరంతా చెప్పుకొని తిరిగేవాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఆమె ఊఁ అంటే ఊఁ, ఊహూఁ అంటే ఊహూఁ. అయితే ఆ ఏడు వానకాలంలో ఆమె పట్టిన పట్టు ఒక చీనా మనిషి గురించి.

ఆయన పట్టుబట్టలు అమ్ముకునేవాడు. కామారెడ్డిలో రైలు దిగి, సైకిలు వెనక మూట కట్టుకొని పల్లెపల్లెకూ తిరిగేవాడు. పేరు పలకడానికి ఎవరికీ నోరు తిరగదు కనుక అందరికీ చీనాయనే. నాట్లు పడుతున్న రోజుల్లో ముసురుకు తడిసి, చలిజ్వరంతో వణుకుతూ వచ్చి భూదవ్వ ఇంటి అరుగు మీద కూలబడ్డాడు. జపానువాళ్లు తమ దేశం మీద పడ్డారని, ఇంటి నుంచి కబురే లేదని వచ్చీరాని తురక మాటలతో చెప్పాడు. చెప్పి గోడవైపు తిరిగి పడుకున్నాడు. జ్వరమైతే దిగింది గానీ మనిషి మాత్రం ఇటు తిరగలేదు. గంజి ఇస్తే పెదవి విప్పడు, మజ్జిగ ఇస్తే కన్ను తెరవడు.

"వదినె, గీయన మన అరుగు మీద పాణమిడిస్తే పోలీసు అమీను వచ్చి కూసుంటడు. పంచనామ, గించనామ, గదంత నాతోని గాదు. పొద్దుగూకేదాక సూస్త. గుటుక దిగకపోతే బండి కట్టి కామారెడ్డి దవాఖానకు తోలుకపోత" అన్నాడు గంగారాం.

"గీ బురద తొవ్వల, గీ వానల? నడిమిట్లనే పోతడు."

"మనింట్ల పోకుంటే సాలు."

గంగారాం చెడ్డవాడని కాదు. పోలీసులంటే దడ, కులపోళ్లంటే ఇంకా దడ. భూదవ్వకు దడ లేదు, కోపముంది. ఆమె పెనిమిటి ఎల్లయ్య బొంబాయి మిల్లులో పనికి పోయి అక్కడే జ్వరంతో పోయాడు. ఆఖరి గడియలో నోట్లో ఇన్ని నీళ్లు పోసినవాళ్లు ఉన్నారో లేదో కూడా ఆమెకు తెలియదు. ఆ తెలియకపోవడమే ఏళ్లుగా ఆమెను తినేస్తోంది. తన అరుగు మీద ఇంకో ఇంటి మనిషి ఎండిన నోటితో పోవడానికి వీల్లేదనుకుంది, అంతే.

మూటలోని తడి బట్టలు ఆరేస్తుంటే ఒక రేకు డబ్బా, మూతగల పింగాణి గిన్నె, పిల్లలాడుకునేంత చిన్న కప్పు బయటపడ్డాయి. డబ్బా తెరవగానే గుప్పున పూలవాసన. పారిజాతమా అంటే కాదు, సంపెంగా అంటే కాదు. వేలు పెట్టి కెలికితే ఒక్క పూరేకైనా లేదు. మెలితిరిగిన నల్లటి ఆకు, అదీ అడుగున ఇంత.

"చాయ్" అని గొణిగాడు చీనాయన. పడకేసిన తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి మాట అది.

చాయ్ అంటే భూదవ్వకు తెలియకపోవడమేమిటి? బొంబాయి రైలెక్కే నాడు ఎల్లయ్య కామారెడ్డి స్టేషను బయట తాగించాడు. జన్మకు తాగింది ఆ ఒక్కసారే, మరిచిపోతుందా? చిక్కటి బర్రెపాలు, ఇంత బెల్లం, దంచిన అల్లం, డబ్బాలో ఉన్న ఆకులో సగం వేసి ఎర్రగా అయ్యేదాకా మరిగించి తెచ్చి ముందు పెట్టింది. చీనాయన వాసన చూశాడు. కనుబొమలు ముడిపడ్డాయి, కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ గోడవైపు తిరిగాడు.

ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. బర్రెపాలు పోసి చేస్తే ఏడుస్తాడా ఈ మనిషి? తిట్టబోయి ఆగింది. కనుబొమల ముడి గుర్తొచ్చింది. అది నొప్పి కాదు, కోపం. తన సొమ్మును పాడుచేశారన్న కోపం. కోపం మిగిలిన ఒంట్లో ప్రాణం కూడా మిగిలే ఉంటుందనుకుంది.

వాకిట్లో గంగారాం అప్పటికే ఎడ్లను కడుతున్నాడు. భూదవ్వ నిప్పుల కుంపటి తెచ్చి చీనాయన తలాపునే పెట్టింది. పాలగిన్నెను చప్పుడయ్యేలా దాని మీదికెక్కించింది. మిగిలిన ఆకంతా పిడికిట పట్టి పాల మీదికి చెయ్యి చాపింది.

"తాగకుంటే తాగకపాయె. మల్ల కాగవెడుత, ఇంకింత బెల్లమేసి" అంది కావాలనే గట్టిగా.

గోడవైపున్న మనిషి ఇటు తిరిగాడు. మోచేతి మీద లేచాడు. ఆమె మణికట్టు పట్టేసుకున్నాడు.

"నై మాయీ. దూద్ నై."

"గట్లయితే నువ్వే చేసి సూపియ్యి" అని ఆకు ఆయన చేతిలో పెట్టింది.

కూర్చుని చూపించాడు. వాలిపోతుంటే ఆమె వీపుకు చెయ్యి ఆన్చింది. పాలు దింపించి నీళ్లు పెట్టించాడు. మరిగిన నీళ్లను దింపి కాస్త ఆగమన్నాడు. ఆకు మీద పోసి, మూతపెట్టి, వెంటనే ఆ నీళ్లను అరుగు కిందికి వంచేశాడు.

"అయ్యో, అసలుదంత పారవోస్తివి గదయ్యా" అంది. అన్నాక తనకే తోచింది, బియ్యం కడిగిన మొదటి నీళ్లు తను మాత్రం కుడితిలో పోయదా?

మళ్లీ నీళ్లు పోసి కాసేపుంచి మూత తీశాడు. డబ్బాలోని వాసన ఎక్కడ, ఇదెక్కడ. వాన వెలిసిన తెల్లవారుజామున పెరడంతా పూసినట్టుంది. నల్లటి ఆకు విచ్చుకొని పచ్చబడింది, నీళ్లు తేనెరంగుకు తిరిగాయి. చీనాయన కప్పులోకి వంచి, తను తాగకుండా రెండు చేతులతో ఆమెకు చాపాడు. నువ్వు తాగమంటే తల అడ్డంగా ఊపాడు. ఇంటామె తాగనిది తను ముట్టడట.

గంగారాం పరుగెత్తుకొచ్చాడు. "ముట్టకు వదినె. ఏం తినెటోడో, ఏం కులపోడో. ఆయన చేతివి తాగినవంటే మనోళ్లు నిప్పు నీళ్లు బందువెడ్తరు."

భూదవ్వ కప్పు అందుకుంది. "బొంబాయిల మీ అన్న నోట్లె ఎవలన్న నీళ్లు పోసుంటే, కులమడిగి పోసిండంటవా?"



ఆమె తాగింది. బెల్లం లేకున్నా నాలుక చివర తీపి తగిలింది. గొంతు దిగాక కూడా పూలవాసన పోలేదు. ఎల్లయ్యకు ఎవరైనా ఇట్లా పోసుంటే ఎంత బాగుండునని ఏడుపొచ్చింది. దాచుకోకుండా ఏడ్చింది. చీనాయన కప్పును వేడినీళ్లతో కడిగి, నింపుకొని తాగాడు. గుటక దిగడం వదినా మరుదులిద్దరూ చూశారు.

గంగారాం వెళ్లి ఎడ్లను విప్పి వచ్చాడు. అరుగు అంచున కాస్త ఎడంగా కూర్చుని వాన చూశాడు.

"ఆకంత అయిపాయె గద వదినె?" అన్నాడు చివరికి.

చీనాయనకు మాట అర్థమైందో, చూపు అర్థమైందో, అదే ఆకు మీద మళ్లీ నీళ్లు పోసి మూతపెట్టాడు.

"ఇంక దగ్గరికి జరుగు" అంది మరిదితో భూదవ్వ.