రెండు చేతుల మాట

ఫోటోలకు ఫ్రేములు కట్టేవాడికి ఒక జబ్బు ఉంటుంది. ఎదుట ఎవరు కనిపించినా ముఖం నట్టనడుమకు రావాలంటాడు. మన కథలో మరిదికి ఆ జబ్బు ముప్పై ఏళ్లుగా ఉంది. వదిన కోసం ఫోను చార్జింగు స్టాండు చేయబూనినప్పుడు అదే కొంప ముంచబోయింది.

వదినకు పుట్టుకతోనే వినపడదు, చేతులతో మాట్లాడుతుంది. బధిరుల బడిలో కలిసి చదువుకున్న స్నేహితురాలితో ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో కబుర్లు చెప్పుకుంటుంది. కానీ ఒక చెయ్యి ఫోను పట్టుకోవడానికే సరిపోయేది, రెండో చేత్తో సగం మాటలే వచ్చేవి. కిందటి వారం ఆ స్నేహితురాలు తన భర్త పోయాడని చెప్పి ఏడ్చింది. వదిన గబగబా ఫోనును నీళ్ల జగ్గుకు ఆనించి రెండు చేతులూ ఎత్తింది. ఫోను జారి బోర్లా పడింది. తీసి చూసేసరికి చార్జింగు కూడా అయిపోయింది. ఆ పూట వదిన భోజనం ముట్టలేదు.

అది చూసి మరిది మనసు ఊరుకోలేదు. ఎలా ఊరుకుంటుంది? చిన్నప్పుడు అతనికి విపరీతమైన నత్తి. బడిలో "నత్తోడా" అంటే ఇంటికొచ్చి మూల కూర్చునేవాడు. కొత్తగా కాపురానికొచ్చిన వదిన అతనికి తన భాష నేర్పింది. అందులో ఏ మాట దగ్గరా తడబాటు రాలేదు. చేతులకు ధైర్యం వచ్చాక నోరు కూడా మెల్లగా దారికొచ్చింది. ఇవాళ కొట్టుకొచ్చినవాళ్లతో గలగలా మాట్లాడుతున్నాడంటే అంతా ఆమె చలవే. ఆ మాట ఎవరి దగ్గరైనా చెప్పుకుంటాడు.

మొదటి స్టాండు అట్టతో చేశాడు. చార్జరు వైరు గుచ్చగానే వెల్లకిలా పడింది. రెండోది ఫ్రేముల చెక్కపట్టీ ముక్కలతో చేశాడు. అది బుద్ధిగా నిలబడింది గానీ, ఫోను అడుగున పిన్ను దూరడానికి చోటు మరిచాడు. తలుపు లేని ఇల్లు కట్టావని వదిన చేతులతోనే ఎగతాళి చేసింది. మూడోదానికి కింది పట్టీలో గాడి కోసి, వైరును వెనకనుంచి లాగాడు. శనివారం సాయంత్రం బల్ల మీద పెట్టి, ఆమె ముఖం నట్టనడుమకు వచ్చేలా వాలు సరిచూసి మేకులు కొట్టేశాడు.

వదిన తెర వైపు చూస్తూ చేతులతో ఏదో అంది. తెరలో ముఖం తప్ప చేతులు లేవు. ఆమె లేచొచ్చి అరచేత్తో అతని నోరు మూసి, రెండో చేత్తో తెరను చూపించింది. అప్పుడు వెలిగింది అతనికి. ముఖానికి చక్కగా ఫ్రేము కట్టి, నోరు బయట వదిలేశాడు.

"నలభై ఏళ్లుగా నీ చేతులే చూస్తున్నాను వదినా, వాటినే మరిచాను" అని చేతులతో చెప్పి లెంపలేసుకున్నాడు. మేకులు పీకాడు. స్టాండును పొట్టి చేసి, బల్ల అవతలి అంచుకు జరిపి, పొడుగు వైరు వేశాడు. ఈసారి నడుము నుంచి తలదాకా వదిన మొత్తం కనిపించింది.

ఆదివారం కాల్ వచ్చింది. గంటన్నర సేపు ఫోను కదల్లేదు, చార్జింగు తరగలేదు. వదిన చేతులు ఆగలేదు. స్నేహితురాలు తనివితీరా ఏడ్చి, కళ్లు తుడుచుకుని, చివర్లో ఒకసారి నవ్వింది కూడా. ఫోను స్టాండు మీద ఉందని వదిన చెబితే, ఎవరు చేశారని అడిగింది.

ఆ భాషలో ప్రతి మనిషికీ పేరుగా ఒక గుర్తు ఉంటుంది. మరిది గుర్తు చిన్నప్పుడు వదిన పెట్టిందే. నోటి దగ్గర మూసిన పిడికిలి నెమ్మదిగా తెరుచుకుంటుంది, కింద పట్టిన రెండో అరచేతిలోకి మాట రాలుతుంది. దానికి రెండు చేతులూ కావాలి. అందుకే ఇన్నేళ్ల ఫోను కబుర్లలో అతను వట్టి మరిదిగానే మిగిలిపోయాడు.

వదిన గుమ్మంలో నిలబడ్డ అతన్ని ఒకసారి చూసి, తెర వైపు తిరిగి, రెండు చేతులతో ఆ పేరు చెప్పింది. అవతల స్నేహితురాలు ఆ పేరు తిరిగి చెప్పబోయి, ఒక చేతిలో ఫోను ఉండటంతో సగమే చెప్పగలిగింది. ఆమెకూ ఒక స్టాండు చేసి పంపాలని మరిది అప్పుడే అనుకున్నాడు.

అతను గుమ్మం దాటి లోపలికొచ్చాడు. రెండు చేతులూ ఎత్తి, "అంతా నీ చలవే వదినా" అన్నాడు.