ఎర్రయ్యమ్మ గిన్నెలో తెరుచుకున్నాను

మే పద్నాలుగు, ఉదయం పదకొండు గంటల నలభై నిమిషాలు. పాడేరు ఘాట్ రోడ్డులో మూడో మలుపు దగ్గర ఒక అద్దె కారు ఇంజను వేడెక్కి ఆగిపోయింది. నేను ఒక థర్మోస్టాట్ వాల్వును. ఆ ఇంజనులోనే ఉన్నాను. ఆ పూట తెరుచుకోవలసింది నేను. తెరుచుకోలేదు.

నా పని చెప్పడానికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. ఇంజనుకూ రేడియేటరుకూ మధ్య, నీటి దారిలో తలుపులా ఉంటాను. నిమ్మకాయంత ఇత్తడి ముక్కను. కడుపులో మైనం ఉంటుంది. నీళ్లు ఎనభై రెండు డిగ్రీలకు చేరితే మైనం కరిగి ఉబ్బుతుంది, తలుపును నెడుతుంది. వేడి నీళ్లు రేడియేటరుకు పోయి, చల్లారి, వెనక్కు వస్తాయి.

పుణె శివార్లలోని ఒక కర్మాగారంలో పుట్టాను. అక్కడ ఒకామె నన్ను వేడినీళ్లలో ముంచి, తెరుచుకున్నానని చూసి, పెట్టెలో పెట్టి పంపింది. మొదట అనకాపల్లిలో ఒక లెక్చరరు కారులో చేరాను. ఆరు నెలలకు ఆయన మెకానిక్కు నన్ను ఊడదీశాడు. "మన ఎండలకి ఇదెందుకు సార్? చలి దేశాలోళ్లకి గాని" అన్నాడు. లెక్చరరు ఫిజిక్సు చెప్పేవాడు. తల ఊపాడు. నాలుగేళ్లు బోల్టుల డబ్బాలో పడి ఉన్నాను. అక్కడి నుంచి చోడవరం మెకానిక్కు జలీల్ నన్ను తీసుకెళ్లి వరహాలనాయుడి కారులో బిగించాడు.

నాయుడికి ఒకటే కారు. పదకొండేళ్లుగా దాన్ని నడిపేది పైడయ్య. రేడియేటరులో కూలెంటు అనే రంగు నీళ్లు పోయాలని జలీల్ రెండుసార్లు చెప్పాడు. "మా బోరు నీల్లు కొబ్బరి నీల్లురా. మనుషులు తాగుతున్నారు, ఇంజను తాగదా?" అన్నాడు నాయుడు. ఆ నీళ్లలో సున్నం ఉంది. అది తలుపును నెట్టే నా కడ్డీ చుట్టూ పేరుకుంది. ఏప్రిల్ నాటికి నేను తెరుచుకోవడం ఆలస్యమవుతోంది. ఆ సంగతి నాకు తెలుసు. ఇంకెవరికీ తెలియదు.

మే పద్నాలుగున బయలుదేరే ముందు పైడయ్య రేడియేటరు మూత తీసి గొంతు దాకా నీళ్లు పోశాడు. ఘాట్ ఎక్కేటప్పుడు నీళ్లు ఎనభై రెండు దాటాయి, తొంభై దాటాయి, నూట పది దాటాయి. నేను కదలలేదు. వేడి చూపే ముల్లు ఎర్రగీతను తాకగానే అతను బండి పక్కకు తీసి ఆపాడు. అప్పటికే ఇంజను తల కింది బిళ్ల, హెడ్ గాస్కెట్, కాలిపోయింది. నీళ్లు మరిగి మూత కింద నుంచి తన్నుకుని బయటికి పోయాయి. ఐదుగురు ప్రయాణికులు దిగి, వెనక వచ్చిన జీపు ఎక్కారు. పైడయ్య బానెట్ ఎత్తి రేడియేటరు రెండు రబ్బరు గొట్టాలనూ చేత్తో తాకి చూశాడు. పైది కాలింది. కిందిది చల్లగా ఉంది.

సాయంత్రానికి కారును తాడు కట్టి చోడవరం టాక్సీ స్టాండు పక్కనున్న జలీల్ షెడ్డుకు లాక్కొచ్చారు. నాయుడు వచ్చి రేడియేటరులోకి తొంగి చూశాడు.

"సుక్క నీరు లేదేట్రా ఇందులో? పదకొండేల్ల డ్రైవింగు ఇదేనా?"

"నిండుగా పోసేను బాబూ. మరిగిపోనాయి. పై గొట్టం సెయ్యి కాలిపోతంది, కింది గొట్టం సల్లగున్నాది. మద్దెన ఏటో మూసుకుపోనాది."

"మూసుకుపోనాది నీ బుర్ర."

జలీల్ ఫ్యాను చూశాడు, బెల్టు చూశాడు, నీళ్లు ఎక్కడైనా కారుతున్నాయేమోనని బండి కింద పడుకుని చూశాడు. ఏ లోపమూ లేదు. "థర్మోస్టాట్ తీసి వేడినీళ్లలో వేద్దాం నాయుడుగారూ" అన్నాడు. "తెరుచుకోకపోతే పైడయ్య తప్పు లేనట్టే."

"తెరుచుకుంటే?"

జలీల్ పానా అందుకుని నన్ను ఊడదీశాడు.

"తెరుచుకుంటే తాళాలిచ్చెల్లిపోవాల" అన్నాడు నాయుడు.

"అలాగే బాబూ" అన్నాడు పైడయ్య.

స్టాండులో పొయ్యి ఉన్నది టీ అమ్మే ఎర్రయ్యమ్మ దగ్గరే. ఆమె నన్ను చూసి గిన్నె వెనక్కు లాక్కుంది. "పాలు కాసే గిన్నె నాయనా ఇది. అందులో ఈ మడ్డి ఏస్తావేటి? ఇలాగియ్యి, తోమిస్తాను."

జలీల్ నన్ను ఇచ్చేశాడు. ఆమె చింతపండు పెట్టి, బూడిద పెట్టి, కొబ్బరి పీచుతో నన్ను ఇత్తడి చెంబును తోమినట్టు తోమింది. కడ్డీ చుట్టూ వేలు తిప్పింది. సున్నం పెళ్లలుగా రాలింది. సాక్ష్యం అదే. స్టాండులో పదిమంది చూస్తున్నారు. ఎవరూ ఆపలేదు. "మెల్లగా వదినా, సెయ్యి తెగుతాది" అన్నాడు పైడయ్య.

నీళ్లు కాగాయి. మూసుకునే ఉండాలనుకున్నాను. మైనానికి అది తెలియదు. నాలుగు నిమిషాలకు తెరుచుకున్నాను, పుణెలో ఆమె ముందు తెరుచుకున్నంత చక్కగా.

"తామరపువ్వునాగ ఇచ్చుకున్నాది మావా!" అని ఒక డ్రైవరు నవ్వాడు. పైడయ్య గిన్నెలోకి వంగి కాసేపు నన్ను చూశాడు. జేబులోంచి తాళాలు తీసి నాయుడి చేతిలో పెట్టాడు. ఆ రోజు నుంచి స్టాండులో అతని పేరు నీల్లు పొయ్యని పైడయ్య.

జలీల్ కొత్త గాస్కెట్ వేసి నన్నే మళ్లీ బిగించాడు. నేను పనిచేస్తానని అందరూ చూశారు కదా. చింతపండు సున్నాన్ని తీసింది. కడ్డీ మీద పడిన గీతలను తీయలేదు. నాయుడు మళ్లీ బోరు నీళ్లే పోశాడు. నేను మళ్లీ బిగుసుకోవడానికి ఏడు వారాలు పట్టింది.

జులై రెండు, మధ్యాహ్నం ఒంటి గంట. అదే ఘాట్, రెండో మలుపు దగ్గర కారు మళ్లీ వేడెక్కి ఆగింది. నడుపుతున్నది నాయుడే. పొద్దున రేడియేటరులో నీళ్లు పోసింది కూడా ఆయనే.

జలీల్ ఈసారి నన్ను కడగలేదు. ఖాళీ నూనె డబ్బాలో నీళ్లు పోసి, షెడ్డులోనే రాళ్లు పేర్చి మంట పెట్టాడు. నీళ్లు పది నిమిషాలు మరిగాయి. నేను తెరుచుకోలేదు. టీ ఇవ్వడానికి వచ్చిన ఎర్రయ్యమ్మ డబ్బాలోకి చూసింది.

"ఆ రోజు నానే తోమేసినాను కదా నాయనా. ఈ సేతుల్తోనే."

"ఆపాల్సింది నేనప్పా" అన్నాడు జలీల్, తల ఎత్తకుండా.

నాయుడు టీ తాగాడు. "కొత్తది ఎయ్యి. ఈసారి ఆ రంగు నీల్లే పొయ్యి" అన్నాడు. పైడయ్య పేరు ఎత్తలేదు.

ఎర్రయ్యమ్మ నన్ను అడిగి తీసుకుంది. టీ గ్లాసుల పక్కన బల్ల మీద పెట్టింది. వచ్చిన ప్రతి డ్రైవరుకూ నన్ను చూపించి జరిగింది చెప్పింది, తను తోమిన సంగతితో సహా. అనకాపల్లి బెల్లం మార్కెట్టులో దిమ్మలు మోస్తున్న పైడయ్యకు కబురు పంపింది. ఆయన నాలుగో రోజు వచ్చాడు. ఆమె నన్ను ఆయన చేతిలో పెట్టింది. ఆయన నా కడ్డీ మీది తెల్లపొరను గోటితో గీకి చూశాడు.

"నాయుడుగారు సూసేరా?"

"సూసేడు."

"ఏటన్నారు?"

"కొత్తది ఎయ్యమన్నాడు."

పైడయ్య నన్ను బల్ల మీద పెట్టాడు. టీ తాగి, గ్లాసు తనే కడిగి బోర్లించి, పది గంటల యాభై నిమిషాల అనకాపల్లి బస్సు ఎక్కాడు.