బంధుత్వం అనే గడి

తొమ్మిదో దుప్పటిని వాషింగ్ మెషీన్‌లోంచి తీస్తుండగా ఫోన్ మోగింది. రోజుకొక దుప్పటి చొప్పున తొమ్మిది రోజులు. మొదటి మూడింటికీ వాంతి వాసన, ఆ తరువాతి వాటికి చెమట వాసన, నిన్నటి దానికి ఏ వాసనా లేదు. ఆసుపత్రి ల్యాబ్‌లో ముప్పయ్యొక్క సంవత్సరాలు సూక్ష్మదర్శినికి కళ్ళప్పగించి రిటైరైనదాన్ని. మా పిల్ల షైలీన్ ఒంట్లోంచి మాత్రల మత్తు దిగుతున్న తీరును దుప్పట్లను బట్టే అంచనా కట్టగలను. నా భర్త ఆంబ్రోస్ చెల్లెలు వచ్చి మా వాళ్ళు శుద్ధి కోసం, ప్రార్థన కోసం వేసే సేజ్ ఆకు పొగ వేసి వెళ్ళింది. పొగ ఎవరి మొరా ఆలకిస్తుందని నేను నమ్మను. అయితే ఆ పూట పిల్ల నాలుగు గంటలు కదలకుండా నిద్రపోయింది కనుక, మిగిలిన ఆకు కట్టను పారవేయలేదు.

ఫోన్ చేసింది దక్షిణాన, కారులో నాలుగు గంటల దూరంలో, మా ఆదివాసీ పిల్లల కోసమే నడిచే మత్తు విడిపించే కేంద్రం వాళ్ళు. సోమవారం ఒక మంచం ఖాళీ అవుతోందని వారం కిందట చెప్పిన గొంతే.

"షైలీన్‌ని ఇప్పుడే చేర్చుకోలేమండీ. ముందు మానసిక వైద్యుడు చూడాలి. ఓ ఆరువారాలు పట్టొచ్చు."

"ఎందుకని?"

"నిన్న ఫోన్‌లో మాట్లాడాం కదా. మీ అమ్మని చివరిసారి ఎప్పుడు చూశావంటే, 'ఇప్పుడే, జావ కాస్తోంది, ఎండు ద్రాక్ష వద్దన్నా వేస్తోంది' అంది. ఫైల్లో చూస్తే వాళ్ళమ్మ పోయి పదకొండేళ్ళు. లేని మనిషి కనిపిస్తోందంటే ఎలా చేర్చుకుంటామండీ?"

ఈ పూట జావ ఇంకా పొయ్యి మీదే ఉంది. ఎండు ద్రాక్షలు అందులో ఉబ్బి తేలుతున్నాయి.

మా క్రీ భాషలో తల్లి అక్కచెల్లెళ్ళూ తల్లులే. నికావీస్ అంటాం, చిన్నమ్మ అని. మా అక్క బెర్నిస్ పోయిననాడు సమాధి దగ్గర దాని ఐదేళ్ళ కూతురు షైలీన్ నా కోటు అంచు పట్టుకుని నిలబడింది. ఆ పట్టు వదిలించమని ఎవరూ అనలేదు, కాగితం రాయించుకొమ్మనీ ఎవరూ అనలేదు. ఇంగ్లీషులోకి వచ్చేసరికి ఆ మాటలోని 'చిన్న' రాలిపోయి అమ్మ ఒక్కతే మిగులుతుంది. మా పిల్లలందరూ చేసే పొరపాటే ఇది. పరిశీలన సరైనదే, వర్గీకరణ తప్పు. ఆ తప్పుకు ఒక జబ్బు పేరు పెట్టి, పిల్లను ఆరు వారాలు వెనక్కి నెట్టారు.

ఆరు వారాలంటే ఏమిటో నాకు తెలుసు. కిందటి చలికాలం మా వీధి చివర ఫ్లోరా మనవరాలికి మంచం ఖాళీ అయిందన్న ఉత్తరం, ఆమెను పూడ్చిన మూడో రోజున వచ్చింది.

ఫోన్‌లో ఉన్నావిడకు సంగతంతా విడమర్చి చెప్పాను. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఓపికగా విన్నది.

"అలాగైతే సులువేనండీ. 'నేను ఆమె తల్లిని కాను, ఆంటీని' అని రాసి సంతకం పెట్టి పంపండి, సోమవారమే తీసుకుంటాం. పదహారు నిండాయి కాబట్టి మిగతా సంతకాలు తనవే చాలు." కాగితాలు తిరగేసిన చప్పుడు వినిపించింది. "కాకపోతే ఆరో వారంలో ఇంటివాళ్ళు వచ్చి పిల్లలతో కలిసి ఉండే రోజులుంటాయి. వాటికి అమ్మానాన్నలూ, తోబుట్టువులూ, చట్టప్రకారం సంరక్షకులూ మాత్రమే. మీ దగ్గర సంరక్షణ కాగితం ఉందా?"

"లేదు."

"అయితే మీరు రావడానికి కుదరదండీ."

వంటగది బల్ల మీద ఆంబ్రోస్ మంచు బండి కార్బ్యురేటర్ విప్పుకుని కూర్చున్నాడు. ఆ నూనె మరకలు రుద్దవలసింది నేనే. పిల్ల లెక్కల్లో మొదటి బహుమతి తెచ్చినప్పుడు "మన పిల్ల" అన్నవాడు, బడి బాత్‌రూములో మాత్రలతో దొరికిన రోజున "మీ అక్క కూతురు" అన్నాడు. చెవి పోటుతో అది ఏడ్చిన రాత్రుల్లో భుజాన వేసుకుని తిరుగుతుంటే, "కనని కడుపుకు ఇంత ఆరాటమా!" అని అటు తిరిగి పడుకునేవాడు. తలలో పేలు తీయడం, జడలు వేయడం, అరిగిన మొకాసిన్ తోలు చెప్పులకు అడుగు మార్చి కుట్టడం, డ్యూటీ దిగి వచ్చి బడి భోజనం కట్టడం, ఇవేవీ ఏ ఫైల్లోనూ లేవు. ల్యాబ్‌లో రక్తం చుక్కకు కూడా ఒక చీటీ అంటించేవాళ్ళం.

"రాసిపారెయ్ వర్నా," అన్నాడు తల ఎత్తకుండా. "అబద్ధమేం కాదుగా. ఎంతసేపూ నిజం, రుజువు అని మా ప్రాణం తీసేదానివి నువ్వేగా."

నిజమే. అందుకే కలం కదలడం లేదు. నా చేత్తో రాసిన వేల నివేదికల్లో ఒక్క అబద్ధం లేదు. ఇందులోనూ లేదు. రెండు వాక్యాలు రాయడానికి మూడు కాగితాలు చించాను. చివరికి సంతకం పెట్టి, షైలీన్ గదిలోకి వెళ్ళాను. మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని కూర్చుని ఉంది. తొమ్మిది రోజుల్లో దాని మణికట్లు సన్నబడ్డాయి.

"అక్కడ నన్ను అమ్మ అనకు తల్లీ."

"మరేమనాలి?"

"ఆంటీ అను."

నవ్వింది. ఆ తొమ్మిది రోజుల్లో అదే మొదటి నవ్వు. "బింగో హాల్లో కూర్చునే ప్రతి ఆవిడా ఆంటీయే. ఊరంతా ఆంటీలే. నువ్వు కూడానా?"

నేను నవ్వలేదని చూసి దుప్పటి మోకాళ్ళ మీదికి లాక్కుంది. "అలా అంటే చేర్చుకుంటారా?" అని అడిగింది.

"చేర్చుకుంటారు."

సోమవారం దారంతా సన్నగా మంచు పడుతూనే ఉంది. షైలీన్ బానక్ రొట్టె ముక్కను చేతిలో పట్టుకుని కూర్చుందే తప్ప తినలేదు. కేంద్రంలో ఒక నర్సు దాని సంచి వెతికి, బూట్ల లేసులు తీయించి, ఎదుట కాగితం పెట్టుకుంది. పరీక్ష గొట్టాల మీది చీటీలను ఎటునుంచైనా చదవడం నా ఉద్యోగం నేర్పిన విద్య, ఆ కాగితాన్నీ తలకిందులుగానే చదివాను.

"ఇవాళ ఏ వారం?"

"సోమవారం."

"నీతో వచ్చిన ఈవిడ ఎవరు?"

షైలీన్ నా వంక చూసింది. నా కోటు అంచు వంక చూసింది. తరువాత, బడిలో పద్యం అప్పజెప్పినట్టు, నేర్పిన మాటను ఒక్క అక్షరం పొల్లు పోకుండా చెప్పింది.

"మా ఆంటీ."

"మరి మీ అమ్మ?"

"చచ్చిపోయింది."

నర్సు తృప్తిగా తల ఊపి, 'వాస్తవ స్పృహ ఉంది' అన్న గడిలో టిక్కు పెట్టింది.