ఇంజురీకి పెద్ద అర్థం

ఇంగ్లీషు నిఘంటువు ఆఫీసులో మాటల మాస్టారుకి ఒకటే పట్టు. ఏ మాటకైనా ముందు పుట్టిన అర్థం ముందు రాయాలి, తర్వాత పుట్టినవి వయసు వరసలో దాని వెనక నిలబడాలి. ఈ విషయంలో దేవుడు దిగివచ్చి చెప్పినా ఆయన వినడు.

ఆ రోజు ఆయన వంతుకొచ్చిన మాట 'ఇంజురీ'. ఆ మాట వాడుకలు రాసిపెట్టిన చీటీల కోసం సొరుగు గుంజితే అది కాస్తా ఊడొచ్చి కాలి బొటనవేలి మీద పడింది. లబోదిబోమంటూ, కుంటుకుంటూ ఇల్లు చేరాడు. ఇంట్లో ఆవిడ మూడు రోజులుగా మాట్లాడడం లేదు. ఎందుకో ఆయనకు తెలియదు, అడిగే ధైర్యమూ లేదు. ఈ వేలు చూసైనా కరుగుతుందని గంపెడాశ.

ఆవిడ కరిగినట్టే ఉంది. చన్నీళ్ళ గిన్నె, గుడ్డ తెచ్చి ఎదురుగా కూర్చుంది. నోరు మూసుకుని వేలు చాపితే సరిపోయేది. ఆ నోరు ఊరుకుంటేగా!

"ఇంజురీ అంటే అందరూ దెబ్బ అనుకుంటారు గానీ, లాటిన్‌లో 'ఇన్' అంటే కాదు, 'యూస్' అంటే న్యాయం. అంటే అసలర్థం అన్యాయం! ఒంటికి తగిలే దెబ్బ తర్వాత వచ్చి చేరింది," అన్నాడు వాచిన వేలు ఆడిస్తూ.

ఆవిడ చేతిలో గుడ్డ ఆగిపోయింది. "అయితే మీ పద్ధతి ప్రకారం ముందు దేని సంగతి చూడాలి?"

"అన్యాయం సంగతే. అనుమానమేముంది?" అన్నాడు ఆ పిచ్చి మహారాజు.

"అయితే వేలు ఆగుతుంది లెండి." ఆవిడ గిన్నె పక్కకు జరిపింది. "వయసు వరసలోనే చెప్తాను. మొదటిది, పెళ్ళైన నాలుగో రోజు..."

మాస్టారు వేళ్ళ మీద లెక్కేసుకున్నాడు. పెళ్ళై ఇరవై రెండేళ్ళు!

పదకొండో అన్యాయానికి వేలు వంకాయంత అయింది. "పన్నెండు. నేను మెట్ల మీంచి పడి చెయ్యి విరిగితే, ఆసుపత్రికొచ్చి మీరన్న మొదటి మాట గుర్తుందా?"

గుర్తుంది. 'ఫ్రాక్చర్ కూడా లాటిన్ నుంచే వచ్చింది' అన్నాడు. ఆయనకు సిగ్గుతో తల వాలిపోయింది.

"నొప్పిగా ఉందా అని అడగలేదు కదూ?" అన్నాడు తనే.

"లేదు."

"ఇప్పుడూ... నొప్పి పుడుతుందా?"

"చలిగాలికి పుడుతుంది. మూడు రోజులుగా పుడుతూనే ఉంది, మీరు చూస్తేగా."

మాస్టారు ఆవిడ చెయ్యి ఒళ్ళో పెట్టుకుని నెమ్మదిగా రుద్దసాగాడు.

"పదమూడోది వద్దు లెండి," అంటూ ఆవిడ రెండో చేత్తో గిన్నె దగ్గరికి లాక్కుంది.