మీ అమ్మకి చలేస్తోందట

మా ఇళ్ళల్లో బతికున్నవాళ్ళ బట్టకి గడువంటూ లేదు. చచ్చినవాళ్ళ బట్టకి మాత్రం ఏడేళ్ళు. ఏడేళ్ళు నిండాయంటే సమాధి తలుపు తీసి, లోపల పడుకున్నవాళ్ళని బయటికి తెచ్చి, పాత పట్టు మీద కొత్త పట్టు చుట్టి, కాసేపు భుజాల మీద ఎత్తుకుని ఆడి, పొద్దు వాలకముందే మళ్ళీ లోపల పెట్టేస్తాం. ఆ రోజు పందిని కొయ్యాలి, బాకాలు ఊదేవాళ్ళని పిలవాలి, ఊరందరికీ అన్నం పెట్టాలి. అదంతా బాగానే చేస్తాం. ఇక నా సంగతి చూడండి. నా భుజం మీదున్న ఈ లాంబ దుప్పటి నా చిన్నకొడుకు పాలు మానిన ఏడు కొన్నది. వాడిప్పుడు అంబోసిత్ర నుంచి వ్యాను నడుపుతున్నాడు, వాడికి బట్టతల కూడా మొదలైంది. నేనింకా దీన్నే కప్పుకుంటున్నాను.

నేనొక్కదాన్నే అనుకోకండి. పరాయి దేశంలో ఎవరో ఒక్క చలికాలం వేసుకుని మొహం మొత్తి పారేసిన స్వెట్టరు మూటల్లో మా సంతకొచ్చి, మా ఊళ్ళో పన్నెండేళ్ళు బతుకుతుంది. ముందు పెద్దవాడు తొడుక్కుంటాడు, వాడికి బిగుతైతే చిన్నవాడు, మోచేతులు పోయాక లోపల వేసుకోడానికి, ఆఖరికి గిన్నె దించుకోడానికి మసిగుడ్డ. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఎవరూ పడరు కూడా. పక్కవాడి చిరుగు పక్కవాడికి కనపడదు. ఏళ్ళ తరబడి చూసీ చూసీ అదీ వాడి ఒంట్లో భాగమే అయిపోతుంది. నా తప్పు కూడా అక్కడే మొదలైందనుకుంటాను.

నా పేరు బకూలి. డెబ్భై మూడేళ్ళు. ఇంటికి పెద్దదాన్ని కాబట్టి సమాధి ఎప్పుడు తియ్యాలి, ఎవరికి ఏ గుడ్డ చుట్టాలి అన్నది నా నోట రావాల్సిందే. నా తమ్ముడు రమానిత్ర పోయి ఈ చలికాలానికి ఏడేళ్ళు. వాడికి రెండు పెళ్ళిళ్ళు. మొదటి భార్య వునీ మూడేళ్ళు కూడా కాపురం చెయ్యలేదు, జ్వరమొచ్చి పోయింది. అప్పటికి కూతురు మియాలికి రెండేళ్ళు. ఏడాది తిరక్కుండా వాడు తూర్పున అడవి అంచు నుంచి సహూంద్రని తెచ్చుకున్నాడు. ఆమెతో ఇరవై నాలుగేళ్ళు కాపురం చేశాడు. ఆమెకి కడుపు పండలేదు. మియాలిని ఆమే పెంచింది. మియాలి ఆమెనే అమ్మా అని పిలిచింది.

ఈ వేసవి పోతూ పోతుండగా మియాలి అంత్సిరాబే నుంచి వచ్చింది. అక్కడ మందుల షాపులో పని. వచ్చీ రాగానే నా పొయ్యి దగ్గర కూర్చుని, నాన్న కలలోకొచ్చాడంది.

"మీ అమ్మకి చలేస్తోంది, ఒక గుడ్డ చూడు అన్నాడత్తా. రెండుసార్లు అన్నాడు."

ఇలాంటి కలలకి మా ఇళ్ళల్లో ఎవరూ నవ్వరు. చలేస్తోందంటే పట్టు అడుగుతున్నట్టే. వునీకి చివరిసారి ఎప్పుడు చుట్టామో నాకే సరిగ్గా గుర్తు లేదు, రమానిత్రని పెట్టినప్పుడు కూడా చేతిలో డబ్బాడక ఆమెని కదపలేదు. మియాలి అంతటితో ఆగలేదు. ఇద్దర్నీ ఒకే గుడ్డలో చుట్టేద్దామంది. ఆ పిల్లకి తల్లి మొహం గుర్తు లేదు, ఒక ఫోటో కూడా లేదు. కన్నతల్లికి ఒక్కటంటే ఒక్కటి చెయ్యాలని ముప్పై నాలుగేళ్ళొచ్చాక పుట్టింది బుద్ధి. దాన్ని తప్పు పట్టను.

సరేనన్నాను. అక్కడే, ఆ పొయ్యి దగ్గరే, రెండో మాట లేకుండా. మొగుడూ పెళ్ళాల్ని జంటగా చుట్టడం మా ఇంట్లో ఉన్నదే. కాకపోతే ఒకసారి జంటగా ముడేస్తే ఇక ఏ ఏడేళ్ళకీ విడదియ్యరు, మూడో మనిషిని అందులో కలపరు. ఆ సంగతి నాకు తెలుసు. సహూంద్ర కూడా ఆ గదిలోనే ఉంది. మాడన్నంలో కాచిన నీళ్ళు అందరికీ పోసి, గిన్నెలు తీసుకుని వాళ్ళింటికి వెళ్ళిపోయింది. ఆమెని ఒక్క మాట అడగాలని నాకు తోచలేదు. తోచలేదంటే తోచలేదు, ఇప్పుడు సర్దిచెప్పుకుని లాభం లేదు.

మర్నాడు ఆమె దగ్గరికి వెళ్ళాను, అదీ పని చెప్పడానికి. అడవి పట్టు నెయ్యడంలో మా చుట్టుపక్కల సహూంద్రని మించినవాళ్ళు లేరు. రాజధాని నుంచి కూడా వచ్చి చేయించుకుపోతారు. సంతలో నైలాను గుడ్డ సగానికి సగం చవక, అందరూ అదే చుడుతున్నారు ఇప్పుడు. కానీ ఇంట్లోనే నేసే మనిషి ఉండగా నైలాను చుడితే ఊరు నా మొహాన ఉమ్మదూ? ఒక్కరికైతే మూడు పట్టీలు పక్కపక్కన పెట్టి కుడతారు. జంటకి ఐదు కావాలన్నాను. ఆమె తల వంచుకుని పట్టు గూళ్ళు ఎన్ని పడతాయో వేళ్ళ మీద లెక్క చూసుకుంది. తరవాత అడిగింది.

"మరి నేను పోయాక నన్నెక్కడ పెడతారు వదినా?"

"కింది అరలో బోలెడు చోటుంది. కాదంటే మీ నాన్న సమాధి లేదూ?" అని నవ్వాను.

వాళ్ళ నాన్న సమాధి రెండు రోజుల నడక. తుఫానుకి కొండ జారి సగం మట్టిలో పోయింది. అన్నదమ్ములు తలో దిక్కూ పట్టిపోయారు. ఇదంతా తెలిసే అన్నాను. నా నోరలాంటిది, మాట ముందొచ్చేస్తుంది, బుద్ధి వెనకెప్పుడో వస్తుంది. ఆమె ఎల్లుండి నుంచి మొదలుపెడతానంది.

మూడు నెలలు నేసింది. ఈసారి చలి మామూలుగా లేదు, పొద్దున్నే మళ్ళల్లో కొయ్యకాళ్ళ మీద మంచు గడ్డకట్టి తెల్లగా ఉండేది. నేను నాలుగు రోజులకోసారి వెళ్ళి పని ఎంతవరకూ వచ్చిందో చూసేదాన్ని. వెలుతురు కావాలని గుమ్మానికి ఎదురుగా మగ్గం వేసుకుని నేల మీద కూర్చునేది. ఆ గుమ్మంలోంచే గాలి. ఒంటి మీద రమానిత్ర స్వెట్టరు. వాడు తొమ్మిదేళ్ళు తొడిగాడు, వాడు పోయాక ఈమె ఏడేళ్ళుగా తొడుగుతోంది. ఉన్ని అరిగి అరిగి, వెనక నుంచి వెలుతురు పడితే కింద రవిక రంగు కనపడేది. నేసిన పట్టు మాత్రం దళసరిగా, వెచ్చగా, ఆమె ఒళ్ళోనే మడతలు పడి ఉండేది. చచ్చినవాళ్ళ కోసం నేసింది బతికున్నవాళ్ళు కప్పుకోరు, ఒక్క నిమిషం కూడా. నేను పట్టు వేళ్ళ మధ్య నలిపి చూసి, పోగు బాగా కుదిరిందని చెప్పి, ఇంకా రెండు పట్టీలు మిగిలాయని గుర్తుచేసి వచ్చేసేదాన్ని. ఒకసారి ఆమె వేళ్ళు కొంకర్లు పోయి పోగు దూర్చే నాడె చెయ్యి జారి పడింది. వయసైపోతోంది నీకు అన్నాను.

మా వైపు చలి ఇంకా విరగని ఆగస్టులో, జ్యోతిష్కుడు చెప్పిన రోజున సమాధి తీశాం. రెండొందల మంది వచ్చారు. బాకాలు, డప్పులు, నాటు సారా, కొవ్వు కారే పంది మాంసంతో అన్నం. రమానిత్రని మా వాళ్ళు భుజాలకెత్తుకుని ఎగిరెగిరి ఆడారు, బతికుండగా వాడు కాలు కదిపిన మనిషి కాదు, చచ్చాక ఆడక తప్పలేదు. తరవాత ఇద్దర్నీ చాప మీద పక్కపక్కన పడుకోబెట్టారు. ఐదు పట్టీల గుడ్డ పరిచేసరికి చుట్టూ ఉన్నవాళ్ళు అబ్బ అన్నారు. నాకు గర్వంగానే ఉంది. ఇద్దర్నీ అందులోకి దొర్లించి అంచులు కప్పారు. ముడులు వేసే తాళ్ళు సహూంద్ర చేతిలో ఉన్నాయి, ఆమే పేనింది.

ముడులు వేసేముందు దగ్గరివాళ్ళు పోయినవాళ్ళతో మాట్లాడుకోవాలి. మియాలి మోకాళ్ళ మీద కూర్చుంది. తండ్రితో చక్కగా మాట్లాడింది, కొత్త ఇంటి సంగతి, షాపు యజమాని పిసినారితనం, అన్నీ చెప్పింది. ఆపైన తల్లి వైపు తిరిగింది. అక్కడ నోరు పెగల్లేదు. పాపం ఏమని పిలుస్తుంది? పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషిని ఒక్కసారీ పిలవలేదు. బాకాలవాళ్ళు ఆగి చూస్తున్నారు. చివరికి తెగించి గట్టిగా పిలిచింది.

"అమ్మా."

"ఆఁ, ఏంటే?" అంది వెనక నుంచి సహూంద్ర.

అలవాటుకొద్దీ పలికింది, అంతే. జనం గొల్లుమన్నారు. బాకా ఊదేవాడు కడుపు పట్టుకున్నాడు. సహూంద్రకి సిగ్గేసి తాళ్ళు సర్దుకుంటూ తల దించుకుంది. నేనూ నవ్వబోయాను. నవ్వు సగంలో ఆగిపోయింది. రమానిత్ర వునీని వునీ అనే అనేవాడు. కూతురికి చెప్పాల్సొచ్చినా సరే, వునీ ఇలా ఉండేది, వునీ అలా చేసేది అనేవాడు. మీ అమ్మనడుగు, మీ అమ్మ తిన్నదా, మీ అమ్మకి చెప్పు అంటే ఇరవై నాలుగేళ్ళూ ఒక్కతే మనిషి. చచ్చిపోయినంత మాత్రాన మాట తీరు మార్చుకుంటాడా?

మియాలిని అడిగాను, కలలో నాన్న ఏమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పమని. చెప్పడం మొదలుపెట్టింది. "మీ అమ్మకి చ..." దగ్గరే ఆగిపోయింది. వెనక్కి తిరిగి సహూంద్ర వంక చూసింది, ఆ స్వెట్టరు వంక చూసింది.

పొద్దు వాలుతోంది, ముడులు వెయ్యండంటూ మా చిన్నాన్న కొడుకు తొందర పెట్టాడు.

"వెయ్యొద్దు. విడదియ్యండి," అన్నాను.

గుడ్డ కప్పాక తియ్యడం అరిష్టమని వాడన్నాడు. ఇంకా నలుగురు వంత పాడారు. జ్యోతిష్కుడైతే మొహం పక్కకి తిప్పుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ సమాధిలోకి ఈసారి వెళ్ళేది నేనే, వాళ్ళేమడిగినా నేను చెప్పుకుంటాను, మీరు ముందు చేతులు ఆడించండి అని కసిరాను. తప్పు నాదని కూడా అందరి ముందూ అన్నాను. ఆ మాట నా నోట మా వాళ్ళు వినడం అదే మొదలు.

విడదీశారు. సహూంద్రే చాకు తీసుకుని కుట్లు విప్పింది. మూడు పట్టీలు వునీకిమ్మంది. వునీ పాత గుడ్డ ముట్టుకుంటే పొడి రాలుతోంది, ఆమెకీ చలి లేకపోలేదు. రమానిత్రకి రెండే మిగిలాయి, చాలవని మియాలి ఏడుపు అందుకుంది. సహూంద్ర వాడి ఒంటి మీదున్న పాత పట్టుని చివర నుంచి చివర దాకా వేళ్ళతో తడిమి చూసింది, సంతలో బేరానికి చూసినట్టు.

"ఇది నేను నేసిందేగా. ఇంకో ఏడేళ్ళొస్తుంది. పైన రెండు చాలు," అంది.

ముడులన్నీ తనే వేసింది. వాళ్ళిద్దర్నీ ఎవరి చోట వాళ్ళని పడుకోబెట్టి, పొద్దు కుంకేలోగా తలుపు మూసేశాం.

తిరిగొస్తుంటే దారిలో మియాలి తన కోటు విప్పి ఆమెకి తొడిగింది. వద్దు వద్దంటూనే వేసుకుంది. చేతులు పొడుగై వేళ్ళు కనపడటం లేదు. మియాలి ముందు నడుస్తోంది. నేను సహూంద్రని పక్కకి లాగి, నీకిది ముందే తెలుసా అని అడిగాను. తెలుసంది. ఎప్పట్నుంచంటే, మియాలి నా పొయ్యి దగ్గర కూర్చుని చెప్పిన రోజు నుంచేనట. ఆయన మాట నాకు తెలీదా అంది.

నాకు కోపం తన్నుకొచ్చింది. తప్పు నాదైతే నాకు ఎదుటివాళ్ళ మీదే కోపం వస్తుంది. మూడు నెలలు ఆ గాలిలో కూర్చుని, నీ మొగుణ్ణి ఇంకొకామెకి కట్టే గుడ్డ నువ్వే నేశావు, నోరు తెరిచి ఒక్క మాట చెబితే నీ సొమ్మేం పోయిందని అరిచాను.

ఆమె నడుస్తూనే ఉంది.

"ఏమని చెప్పమంటారు వదినా? చలేస్తోంది ఆవిడకి కాదు, నాకు, నాకో గుడ్డ కొనిపెట్టండి అనా?"