కోటు చేతులు

కోటు చేతులు రెండూ ఎడమవే వచ్చాయి. టైలరమ్మ వాటిని బల్ల మీద పక్కపక్కన పెట్టి చూసింది. తిప్పి చూసింది. గుడ్డ ఇంక మిగల్లేదు. కోటు బ్యాంకులో పనిచేసే ఆవిడది. గుడ్డ ఆవిడే తెచ్చి ఇచ్చింది. ఇంకాసేపట్లో ట్రయలుకి వస్తుంది.

"ఎవరు కత్తిరించారు?"

"నేనే," అంది కూతురు గుండీ. బడి బ్యాగు ఇంకా భుజానే ఉంది. పన్నెండేళ్ళ పిల్ల. పుట్టినప్పుడు గుండీ అంత ఉందని అమ్మమ్మ పెట్టిన ముద్దుపేరు.

"నువ్వా?"

"ఆడుకుంటూ కత్తిరించేశా. సారీ."

టైలరమ్మ గుడ్డ అంచు మీద వేలు నడిపింది. ఎక్కడా తగల్లేదు. కొత్త చెయ్యి అయితే అంచు రంపంలా వస్తుంది. ఇది ఏళ్ళ తరబడి కత్తెర పట్టిన చెయ్యి. కోటు రెండో చెయ్యి కత్తిరించేముందు గుడ్డ తిరగెయ్యడం మాత్రం మర్చిపోయింది.

లోపలి గదిలో పెద్ద టైలరమ్మ, అంటే ఆమె తల్లి, పడుకుని ఉంది. వాసన గుమ్మం దాకా వస్తోంది.

"అమ్మమ్మ తాగిందా?"

"లేదు. జ్వరం."

"నా మొహం చూసి చెప్పు."

"జ్వరమే అన్నానుగా!"

టైలరమ్మకి అరవాలనిపించింది. తను గుండీ వయసులో ఉన్నప్పుడు, ఇదే బల్ల దగ్గర, తాగి ఉన్న అమ్మ ఇస్త్రీ చేస్తుంటే ఎవరిదో గౌను కాలిపోయింది. నేనే కాల్చానని తను చెప్పింది. తండ్రి బెల్టు తీశాడు. అమ్మ పక్కనే నిలబడి చూసింది. తర్వాత వీపుకి మందు రాస్తూ "నువ్వే నా బంగారం" అంది. ఆ మాట కోసం ఎన్ని తప్పులు నెత్తిన వేసుకుందో తనకే గుర్తులేదు.

"ఏమంది నీతో? బంగారం అందా?"

గుండీ బ్యాగు పట్టీ సర్దుకుంది.

"బ్యాగు దించు."

"హోంవర్కుంది."

"దించమన్నానా?"

గుండీ బ్యాగుని పొట్టకి హత్తుకుంది. లోపల ఏదో తొణికింది. నీళ్ళ సీసా ఆ పిల్ల చేతిలోనే ఉంది.

అంతలో బ్యాంకావిడ వచ్చింది. "ఏం టైలరమ్మా, ఇవాళైనా వేసుకుని చూడనిస్తావా, మళ్ళీ రేపు రమ్మంటావా? నీ రేపులకి నా ఒళ్ళు పెరిగిపోతోంది, తర్వాత నన్నంటే ఊరుకోను."

గుండీ ముందుకొచ్చింది. "ఆంటీ, నేనే పాడు చేశా..."

"నువ్వుండు," అంది టైలరమ్మ. "మా అమ్మ తాగి కత్తిరించిందండీ. చేతులు రెండూ ఎడమవే వచ్చాయి. గుడ్డ నేనే కొని మళ్ళీ కుడతాను."

అప్పటిదాకా ఆ మాట ఆ కొట్లో ఎవరూ పైకి అనలేదు. మిషను చెడిందనేవారు, కరెంటు పోయిందనేవారు. బ్యాంకావిడ ఎటు చూడాలో తెలియక బల్ల మీది కొలతల టేపు వైపు చూసింది. "పర్లేదులే. నేను ఫోన్ చేస్తా," అని వెళ్ళిపోయింది.

లోపల మంచం కిర్రుమంది. పెద్ద టైలరమ్మ గోడ పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

"నా పరువు బజారుకీడ్చి ఏం మూటగట్టుకున్నావే? కన్నతల్లినే!"

"కన్నావు కాబట్టే అడుగుతున్నా. సీసా దాని బ్యాగులో పెట్టావా?"

"అదే దాస్తానంది. నీలా కాదు, నా మనవరాలికి మనసుంది."

గుండీ మొహం వెలిగింది. అది చూసి టైలరమ్మ చెయ్యి చాపింది.

"ఇలా ఇవ్వు."

"ఇవ్వను. పారబోస్తావు. అప్పుడు అమ్మమ్మకి ఒళ్ళంతా వణుకొస్తుంది. నీకేం తెలుసు? నువ్వు కుట్టినవి ఇచ్చి రావడానికి తిరుగుతావు. దగ్గరుండి చూసేది నేను!"

"పారబొయ్యను. తాగుతుందో మానుతుందో, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలో, అది నా గొడవ. నువ్వు మొయ్యకు."

బ్యాగు లాక్కుని జిప్పు తీసింది. ఆటల బట్టల్లో చుట్టి ఉంది సీసా. దాన్ని తీసి వీధి వైపు బల్ల మీద, దారపు ఉండల పక్కన నిలబెట్టింది.

వీధిలో జనం పోతున్నారు. గుండీ పరిగెత్తి షట్టరు పట్టుకుని కిందికి లాగింది. "ఎవరైనా చూస్తారమ్మా!"

"చూడనీ."

"అమ్మమ్మని చూస్తారే!"

టైలరమ్మ షట్టరు కింద భుజం పెట్టింది. గుండీ ఏడుస్తూ, తిడుతూ, దానికి వేలాడింది. షట్టరు సగంలో ఆగిపోయింది. పెద్ద టైలరమ్మ ఇద్దర్నీ చూసింది. బల్ల దాకా నడిచి సీసా మూత తీసింది.

"లోపలికి తీసుకెళ్ళు అమ్మమ్మా, తొందరగా," అంది గుండీ.

టైలరమ్మ షట్టరు కింద నుంచి భుజం తియ్యలేదు.