గరాజు మీది గది

టోయివో కూతురింట్లో కరెంటు ఆపి, మేడగది కప్పుకి బిగించి ఉన్న పాత కార్బన్ మోనాక్సైడ్ అలారం, బండి పొగలోని విషవాయువును పసిగట్టేది, విప్పాడు. దాని గడువు ఎప్పుడో దాటింది. కింద గరాజు, పైన ఈ గదిలో మనవరాలి పడక.

"బ్యాటరీ మొన్ననే మార్చాను కదా మామయ్యా," అన్నాడు అల్లుడు డేల్.

"గడువైపోయిందని అది ఏడుస్తుంటే నోట్లో బ్యాటరీ కుక్కావు."

"మీకు ఎవరిమీదా నమ్మకం లేదు."

"నీ మీద అసలే లేదు."

కొత్త అలారానికి కప్పులోని పాత ప్లగ్గు అతకలేదు. పాతది కత్తిరించి, డబ్బాలో వచ్చిన ప్లగ్గును తీగల రంగుకు రంగు కలిపి బిగించాడు. ఇంట్లో ఉన్న మిగతా రెండు అలారాలూ అలాగే మార్చాడు. కరెంటు వేసి ఒకదాని మీట నొక్కితే మూడూ కలిసి అరిచాయి.

మర్నాడు పొద్దున్నే మిన్నెసోటా చలికి డేల్ ఎప్పటిలాగే ఇంజను వేడెక్కాలని గరాజులో ట్రక్కు స్టార్ట్ చేసి వదిలేసి, కాఫీకి లోపలికొచ్చాడు.

"గరాజు తలుపు ఎత్తే ఉంచాను మామయ్యా. పొగంతా బయటికే పోతుంది."

రెండో కప్పు పోసుకుంటుండగా మేడగది అలారం మోగింది. వెంటనే ఇల్లంతా మోగింది.

టోయివో మనవరాలిని దుప్పటితో సహా ఎత్తుకుని, కూతుర్ని కేకేసి, మంచులోకి నడిచాడు. డేల్ పరుగున వెళ్లి ట్రక్కు ఆపి వచ్చాడు.

"నాకు తెలీలేదు మామయ్యా..."

"ఇప్పుడు తెలిసిందిగా. ట్రక్కు తాళంచెవి ఇలా తే."

డేల్ ఇచ్చాడు. టోయివో ట్రక్కును గరాజులోంచి బయటికి తీశాడు. ఆ చలికాలమంతా ట్రక్కు వీధిలోనే మంచు కప్పుకుని నిలబడింది.